టూంబ్‌స్టోన్‌ను చూసి నవ్విండ్రు: ఎవరూ వాడని కార్డులతో గెలిచేటోళ్లు ఇటు రండి

మోర్టార్ మామ · ఎస్ఆర్ నగర్ · శుక్రవారం రాత్రి 11:52

మా హాస్టల్ల రాత్రి తొమ్మిదికల్లా మెస్ బంద్. ఆ తర్వాత మూడో అంతస్తు మెట్ల మీద పదిమందిమి కూసుంటం. అందరి ఫోన్లల్ల క్లాష్ రాయలే, కార్డులతోటి సైన్యం దింపి నది అవతల ఎదుటోని టవర్లు కూల్చే ఆట. ఆరుగురికి మెగా నైట్ ఉంటది, మిగిలినోళ్లకు పెక్కా ఉంటది, రెండూ ఖర్చెక్కువ పెద్ద కార్డులే. ఎవని డెక్ (ఎనిమిది కార్డుల జట్టు) చూసినా నిన్న యూట్యూబ్ల ఎవరో పెట్టిందే. నాదొక్కటే వేరే.

మోర్టార్ 4, ఫైర్‌బాల్ 4, నైట్ 3, గార్డ్స్ 3, టూంబ్‌స్టోన్ 3, బాంబర్ 2, బ్యాట్స్ 2, స్నోబాల్ 2. పేరు పక్క అంకె అంటే ఆ కార్డు దింపనీకె ఖర్చయ్యే ఎలిక్సర్, ఆటల మెల్లగ నిండే ఇంధనం. మొత్తం 23, ఎనిమిదితోటి భాగిస్తే సగటు 2.9 కూడా నిండదు. అరుదైన రకాలల్ల ఎపిక్ ఒక్కటే, గార్డ్స్. లెజెండరీ లేదు, ఛాంపియన్ లేదు. మొన్న నా పక్క మంచపోడు ఇది చూసి "ఏందిరా, ఆట మొదలైనప్పుడు ఇచ్చినవే ఇంకా మార్చలేదా" అన్నడు. మెట్ల మీద ఉన్నోళ్లంత ఒకటే నవ్వుడు.

సరే, మూడు ఆటల పందెం పెట్టినం. ఓడినోడు వారం దినాలు అందరి బట్టలు డాబా మీదికెంచి తేవాలె.

మొదటి ఆట. వాడు ఎలిక్సర్ పది నింపుకొని ఎడమ బ్రిడ్జి కాడ పెక్కాను దింపిండు. ఏడు ఖర్చు. నేను నా రెండు టవర్ల నడుమ, నదికి కొంచెం ఎనక్కి, టూంబ్‌స్టోన్ పెట్టిన, ఎముకల పోరలను పుట్టించే గోరీ అది. మూడు ఖర్చు. పెక్కా టవర్ తొవ్వ ఇడిసి నడుమకు తిరిగింది. ఇగ దాని మీద రెండు టవర్ల బాణాలు పడుతున్నయి. పెక్కా ఒక్క దెబ్బ కొట్టనీకె 1.8 సెకన్లు తీస్కుంటది, ఒక్క దెబ్బకు ఒక్కదాన్నే కొడ్తది. ఎముకల పోరడు ఒకడొస్తే వాన్ని కొట్టాలె, ఇంకోడొస్తే మళ్ల ఇంకోన్ని. ఆఖరికి ఆ గోరీ కూలితే అందులకెంచి ఇంకో నలుగురు లేస్తరు. ఆ నలుగురికే ఏడు సెకన్లు. మిగిలిన పానం తీయనీకె ఎనకనుంచి బాంబర్‌ను ఏసిన.

లెక్క చూడుండ్రి. నాకు ఐదు ఖర్చైతే వానికి ఏడు. రెండే కదా అనకండ్రి. మామూలు టైంల ఒక ఎలిక్సర్ రానీకె 2.8 సెకన్లు. రెండంటే వానికన్న నేను 5.6 సెకన్లు ముందున్న. పెక్కా ఇంకా గోరీ కాడ తిప్పలు పడుతుండగనే కుడి లేన్ల (దారిల) మోర్టార్, దూరంకెంచి గుండ్లేసే తోపు, దింపిన. వాని చేతుల మెగా నైట్ ఉంది, దానికి ఏడు కావాలె, వాని దగ్గర ఐదో ఆరో ఉన్నయి. వాని బొటనేలు ఆ కార్డు మీద పెట్టి వత్తుతనే ఉన్నడు, కార్డు లేస్తలేదు. ఆ బొటనేలును నేను సచ్చేదాక మర్చిపోను.

2-0. బట్టలు రేపటికెంచి వాడే తెస్తడు.

నాకు తెల్వాల్సింది ఒక్కటే. మీరు ఏ కార్డుతోటి గెలుస్తుంటే ఎదుటోళ్లు నవ్వుతరు? ఉత్తగ పేరు చెప్పి పోకండ్రి, ఎట్ల వాడుతరో రాయుండ్రి.

బంజారా బౌలర్ · శనివారం ఉదయం 7:10

మామా, బాగా రాశావు. కానీ ఒక సంగతి. మీ మెట్ల మీద వాళ్లు పెక్కాను ఒంటరిగా బ్రిడ్జి దగ్గర దింపేవాళ్లు. వాళ్ల మీద ఏ కార్డైనా గొప్పదే అవుతుంది. పెక్కా వెనక ఒక్క పాయిజన్ (విషం మంత్రం) వేసి ఉంటే నీ ఎముకల పిల్లలు లేచినవాళ్లు లేచినట్టే పోయేవాళ్లు. సరైన ఆటగాడు తగలనంతవరకే ఈ "విలువ తెలియని కార్డు" కథలన్నీ.

ఇంకోటి. నీ డెక్‌లో గాల్లోకి కొట్టే సైన్యం బ్యాట్స్ ఒక్కటే. ఎదుటివాడికి బాంబులేసే బెలూన్, చేతిలో ఒక జాప్ (మెరుపు మంత్రం) ఉంటే ఏం చేస్తావ్?

పెక్కా పహిల్వాన్ · శనివారం ఉదయం 9:25

నా పేరు చూసిన్రు గదా. ఇగ నా బాధ ఎవలకు చెప్పుకోవాలె.

టూంబ్‌స్టోన్ అంటే నాకు ఒళ్లు మంట. మెగా నైట్ వస్తే కొట్లాట ఉంటది, మజా ఉంటది. ఈ గోరీ వస్తే మాత్రం నా పెక్కా పెండ్లికొచ్చిన చుట్టం లెక్క ఒక్కొక్కని కాడ ఆగి మాట్లాడి పోతది. టవర్ కాడికి పోయేసరికి ఏం మిగలదు.

బౌలర్ భాయ్, పాయిజన్ అన్నవ్. పాయిజన్ నాలుగు. పెక్కా ఏడు, పాయిజన్ నాలుగు, పదకొండు అయింది. పదికి మించి ఎలిక్సర్ నిల్వ ఉండదు గద ఉస్తాద్. పెక్కాను ఎనకాల కింగ్ టవర్ కాడికెంచి నడిపించుకుంట రావాలె, నింపుకోవాలె. గా లోపు మోర్టార్ మామ అవతల లేన్ల గుండ్లు ఏస్తనే ఉంటడు. చెప్పుడు అల్కగనే ఉంటది.

సైలెంట్ స్పెల్ · శనివారం మధ్యాహ్నం 1:40

నేను రెండేళ్లుగా ఇక్కడ చదవడమే గానీ రాసింది లేదు. గార్డ్స్ పేరు చూసి ఆగలేకపోయాను.

స్కెలిటన్ ఆర్మీ మూడు ఎలిక్సర్, గార్డ్స్ కూడా మూడే. అందరూ ఆర్మీనే ఎందుకు పెట్టుకుంటారో నాకు అర్థం కాదు. ఆర్మీ దింపగానే ఎదుటివాళ్ల వేలు లాగ్ (దొర్లే దుంగ) మీదికో జాప్ మీదికో పోతుంది, అది అలవాటు. రెండు ఎలిక్సర్‌తో మీ మూడు మాయం. గార్డ్స్ ముగ్గురే, కానీ ముగ్గురికీ డాళ్లున్నాయి. డాలు పగిలే దెబ్బ ఎంత పెద్దదైనా ఆ మిగులు లోపలి మనిషికి తగలదు. లాగ్ దొర్లితే డాళ్లు పోతాయి, ముగ్గురూ నిలబడే ఉంటారు. ప్రిన్స్ పరిగెత్తుకొచ్చి ఈటెతో పొడిచే రెట్టింపు దెబ్బ కూడా డాలు దగ్గరే ఆగిపోతుంది.

నిన్న సాయంత్రం ఇదే జరిగింది. అవతలివాళ్ల ప్రిన్స్ దూసుకొస్తున్నాడు. గార్డ్స్‌ను సరిగ్గా అతని మీదే వేశాను. పరుగు ఆగింది. వాళ్లు వెంటనే లాగ్ వేశారు, నేను ఎదురుచూసింది దానికే. లాగ్ చేతిలోంచి పోయింది కదా, మళ్లీ రావాలంటే ఇంకో నాలుగు కార్డులు ఆడాలి. ఆ సందులో రెండో వైపు ప్రిన్సెస్‌ను పెట్టాను. లాగ్ ఉంటే ప్రిన్సెస్ బతకదు, లేకపోతే తిరుగుండదు.

అంటే గార్డ్స్ గెలిపించలేదు. వాళ్ల లాగ్‌ను గుంజుకున్నారు, అంతే. ఈ చిన్న కార్డుల పని ఎక్కువగా ఇదే అని నాకనిపిస్తుంది. ఎదుటివాళ్ల చెయ్యి అలవాటుగా పోయే చోటికి వాళ్లను పంపించి, అసలైన కార్డు అప్పుడు దింపడం.

స్ప్లాష్ ఉన్నవాళ్ల ముందు మాత్రం గార్డ్స్ దింపకండి. బౌలర్, డార్క్ ప్రిన్స్ లాంటివి వస్తే ముగ్గురూ ఒకే దెబ్బకి ఎదురెళ్తారు. (బంజారా బౌలర్ గారూ, మీ పేరు పెట్టుకున్నది అందుకేనా?)

బంజారా బౌలర్ · శనివారం మధ్యాహ్నం 1:58

అవును అక్కా, అందుకే.

ట్రోఫీ టెన్షన్ · శనివారం సాయంత్రం 4:05

అన్నలూ, మామ డెక్ అచ్చంగా పెట్టుకొని ఆడిన. వరసగా ఆరు ఓడిన. ఒకడు ప్రతిసారి నవ్వే కింగ్ ఎమోట్, హీహీహీహా అని. ఫోన్ మంచమ్మీదికి ఇసిరిన. నాకు ఇంటర్ సెకండియర్, కాలేజీల ఫోన్ ఉండనీయరు, ఇంటికొచ్చినంక గంటే టైం. ఆ గంటల ఆరు ఓటములు. డెక్ పనిచేయదు.

నల్లకుంట నైట్ · శనివారం సాయంత్రం 5:30

బాబూ ట్రోఫీ టెన్షన్, ముందు రెండు ప్రశ్నలకు జవాబు చెప్పు. నీ గార్డ్స్ లెవెల్ ఎంత, ఎదుటివాళ్ల కార్డుల లెవెల్ ఎంత? మోర్టార్‌ను ఎక్కడ దింపుతున్నావు?

నాకు నలభై ఆరేళ్లండి. మా అబ్బాయి ఇంజనీరింగ్‌కి వేరే ఊరు వెళ్తూ తన అకౌంట్ నాకిచ్చి పోయాడు, "నాన్నా, రోజూ చెస్ట్ తెరుస్తూ ఉండు చాలు" అని. తెరుస్తూ తెరుస్తూ ఆటలో పడ్డాను.

నా చిన్నప్పుడు మా ఊళ్లో గుడి మెట్ల రాయి మీద పులిజూదం గీసి ఉండేది. మూడు పులులు, పదిహేను మేకలు. కొత్తగా నేర్చుకునేవాడు ఎప్పుడూ పులులే కావాలంటాడు, దూకొచ్చు, తినొచ్చు కాబట్టి. పెద్దవాళ్లు మేకలు తీసుకునేవారు. నాలుగైదు మేకలు పోయినా వాళ్ల ముఖంలో మార్పుండేది కాదు. చివరికి మూడు పులులూ కదలడానికి గీత లేక మూల పడి ఉండేవి. టూంబ్‌స్టోన్‌లోంచి ఎముకల పిల్లలు లేచినప్పుడల్లా నాకు ఆ రాయే గుర్తొస్తుంది.

మా మేనమామ ఒక మాట అనేవాడు, మేకలాటలో ఎక్కడ పెట్టామన్నది ఒక్కటే లెక్క అని. ఇక్కడా అంతే. ఐస్ గోలెం రెండు ఎలిక్సర్ కార్డు, దాని దెబ్బ దోమ కుట్టినట్టుంటుంది. కానీ పెక్కా బ్రిడ్జి దాటగానే దాని ముందు, కాస్త పక్క లేన్ వైపుగా, ఐస్ గోలెం వేసి చూడండి. పెక్కా దాని వెంట పడి అటు లేన్‌కి నడుస్తుంది, రెండు టవర్లూ కొడుతూనే ఉంటాయి. ఒక గడి అటో ఇటో అయిందా, అసలు తిరగదు, నేరుగా టవర్ మీదికే. గడి నేర్చుకోవడానికి నాకు ఇరవై ఆటలు పట్టింది. నువ్వు ఆరుకే ఫోన్ విసిరావు.

ట్రోఫీ టెన్షన్ · శనివారం సాయంత్రం 6:15

సారీ అంకుల్. గార్డ్స్ నాకు చాల తక్కువ లెవెల్, ఎదుటోళ్లకంటే నాలుగు తక్కువున్నయి. మోర్టార్‌ను మా టవర్ ముందరనే పెడుతున్న, సేఫ్ ఉంటదని.

మోర్టార్ మామ · శనివారం సాయంత్రం 6:40

తమ్మీ, టవర్ ముందట పెడితే ఎదుటి టవర్‌కు గుండు అందదురా! కాపాడుకోనీకె అయితే సరే, కట్టడాలనే కొట్టే హాగ్ రైడర్ వస్తే దాని దిక్కు తిరుగుతడు. కొట్టనీకె అయితే నది ఒడ్డుకు తేవాలె. ఇంకోటి, మోర్టార్‌కు మరీ దగ్గరికొచ్చినోన్ని అది కొట్టలేదు, కాళ్ల కింద గుడ్డిది. అందుకే దాని పక్కన నైట్‌ను నిలవెడుత. నైట్ మూడు ఎలిక్సరే, కానీ మంచం కోడు లెక్క నిలవడ్తడు.

లెవెల్ సంగతి మాత్రం నిజం, అంకుల్ పట్టిండు. నాలుగు లెవెళ్ల తేడా ఉంటే ఏ తెలివి పనిచేయదు. నా డెక్ల మోర్టార్, నైట్, బాంబర్, బ్యాట్స్, స్నోబాల్ ఐదు కామన్ కార్డులు. క్లాన్ల (ఆటల మన గుంపుల) అడిగితే రోజూ ఎవరో ఒకరు ఇస్తరు. అట్లనే నా లెవెళ్లు పెరిగినయి. లెజెండరీ కోసం చెస్టుల దిక్కు మొఖం పెట్టి కూసుంటే ఏండ్లు గడుస్తయి. నువ్వు గార్డ్స్ తీసేసి, నీ దగ్గర లెవెల్ ఉన్న ఏదన్న పెట్టు. ఆర్చర్స్ ఉన్నరా?

ఇగ బౌలర్ అన్న అడిగిన బెలూన్ సంగతి. నిజం చెప్పాలంటే బెలూన్ తోటి నాకు చెమటలు పడతయి. నేను చేసేది, టూంబ్‌స్టోన్‌ను నడుమ పెట్టి బెలూన్‌ను టవర్ కెంచి పక్కకు గుంజుడు, అది కట్టడాల దిక్కే పోతది గద. ఈలోపు బ్యాట్స్ కొడ్తయి. వాడు బ్యాట్స్ మీద జాప్ ఏస్తే స్నోబాల్‌తోటి బెలూన్‌ను నెమ్మది చేసి దేవునికి దండం పెడుత.

బంజారా బౌలర్ · శనివారం రాత్రి 8:20

దండం పెట్టడం వ్యూహం కాదు మామా. బాంబర్ తీసి ఆర్చర్స్ పెట్టు. రెండు పోయి మూడు వస్తుంది, మొత్తం 24, సగటు సరిగ్గా 3. గాల్లోకి కొట్టే చేతులు ఇంకో రెండు వస్తాయి.

స్నోబాల్ విషయంలో మాత్రం నీతో ఒప్పుకుంటా. లాగ్ లెజెండరీ కాబట్టి అందరూ లాగ్ లాగ్ అంటారు. లాగ్ నేల మీదే దొర్లుతుంది. బ్యాట్స్ వస్తే లాగ్ చేతిలో పెట్టుకుని దిక్కులు చూడాలి. స్నోబాల్ కూడా రెండే, గాల్లోనూ తగులుతుంది, వెనక్కి నెడుతుంది, కాసేపు నెమ్మది చేస్తుంది. దెబ్బ కొంచెం తక్కువ, అంతే.

కానీ నా మొదటి మాట మార్చుకోను. హాగ్ 2.6 డెక్ చూడండి. హాగ్ 4, మస్కెటీర్ 4, ఫైర్‌బాల్ 4, కానన్ 3, ఐస్ గోలెం 2, లాగ్ 2, ఐస్ స్పిరిట్ 1, స్కెలిటన్స్ 1. మొత్తం 21, సగటు సుమారు 2.6, పేరు అందుకే. అందులో స్కెలిటన్స్‌ను ఒంటరిగా చూస్తే ఎవరైనా నవ్వుతారు. ఆ డెక్‌ను ఎదుర్కొన్నవాడు మాత్రం నవ్వడు. కార్డుకి విలువ లేకపోవడం అంటూ ఉండదు, దాని పక్కన ఏముందో చూడకపోవడమే ఉంటుంది.

నిజంగా పనికిరానిది ఒకటుంది, ఎలిక్సర్ గోలెం. చంపినవాడికే ఎలిక్సర్ ఇస్తుంది. కట్నం ఇచ్చి, పెళ్లి ఖర్చులు పెట్టుకుని, అల్లుడి చేత తన్నించుకున్నట్టు.

బాంబు బాలు · శనివారం రాత్రి 9:02

ఆగండి ఆగండి. క్లోన్ గురించి ఎవరూ మాట్లాడరేం?

నేను జెయింట్ స్కెలిటన్ ప్లస్ క్లోన్. ఆరు ప్లస్ మూడు తొమ్మిది. జెయింట్ స్కెలిటన్ చచ్చేటప్పుడు బాంబు వదులుతుంది, అది కాసేపు ఆగి పేలుతుంది. క్లోన్ చేస్తే వచ్చే నకిలీకి ప్రాణం 1. ఒక్క బాణం తగిలినా పోతుంది. కానీ నకిలీ వదిలే బాంబు మాత్రం అసలుదే! టవర్ పక్కకి చేరాక క్లోన్ వేస్తే, నకిలీ చస్తుంది, బాంబు పడుతుంది, ఎదుటివాడు కంగారులో అసలుదాన్ని కూడా చంపుతాడు, రెండో బాంబు. పక్కపక్కన రెండు బాంబులు, మధ్యలో టవర్.

పది ఆటల్లో మూడు గెలుస్తాను. ఆ మూడు మాత్రం రాత్రి పడుకునేటప్పుడు తల్చుకుని నవ్వుకుంటాను.

పెక్కా పహిల్వాన్ · శనివారం రాత్రి 9:11

గిది కార్డు గొప్పతనం గాదు, నీ పిచ్చి. కానీ నచ్చింది.

నిర్వాహకుడు · శనివారం రాత్రి 9:30

అకౌంట్లు అమ్ముతామన్న పోస్టులు రెండు తీసేశాను. మళ్లీ పెడితే బ్లాక్. మిగతావాళ్లు కొనసాగించండి. నా వోటు జాప్‌కి, సేపు గడిచేకొద్దీ మంట పెంచే ఇన్‌ఫెర్నో టవర్‌ను అది మొదటికి తెచ్చినప్పుడు వచ్చే సంతోషం ఇంకెందులోనూ లేదు.

మియాపూర్ మినియన్ · ఆదివారం ఉదయం 8:15

నాకు ఆట అంతా మెట్రోలోనే. మియాపూర్‌లో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గం. ఆట మూడు నిమిషాలు, ఆఖరి నిమిషం డబుల్ ఎలిక్సర్, సమానమైతే ఓవర్‌టైమ్. కూకట్‌పల్లి దాటేటప్పుడు మొదలుపెడితే ఎర్రగడ్డ దగ్గర తేలిపోతుంది. జనం తోసుకునే టైంలో ఒక చేత్తో స్తంభం, ఒక బొటనవేలితో ఆట. అందుకే నేను కచ్చితమైన గడి అవసరమున్న కార్డులు పెట్టుకోను. అంకుల్ చెప్పిన ఐస్ గోలెం ట్రిక్కు మూసాపేట మలుపులో ప్రయత్నించాను, పక్కాయన మోచెయ్యి తగిలి గోలెం నా కింగ్ టవర్ వెనక దిగింది. పాపం అక్కణ్నుంచి నడుచుకుంటూ బయల్దేరింది.

మెట్రో ఆటగాళ్లకు నా సలహా బ్యాట్స్. రెండు ఎలిక్సర్, ఐదు గబ్బిలాలు, ఎక్కడ వేసినా ఎగురుకుంటూ పోతాయి. మెగా నైట్ ఏడు ఎలిక్సర్ పెట్టి దూకుతాడు గానీ గాల్లోకి కొట్టలేడు. చుట్టూ గబ్బిలాలు, వాడు బిత్తరచూపులు. ఎదుటివాడి దగ్గర జాప్, స్నోబాల్ లాంటివి ఏవీ లేవని తెలిస్తే అంతకంటే చవక బేరం లేదు. ఉందో లేదో తెలియాలంటే మొదటి నిమిషంలో ఒకసారి బ్యాట్స్ వేసి చూడాలి, పోతే రెండే కదా.

ట్రోఫీ టెన్షన్ · ఆదివారం ఉదయం 11:50

గార్డ్స్ తీసేసి ఆర్చర్స్ పెట్టిన. మోర్టార్ నది ఒడ్డుకు తెచ్చిన. ఐదు ఆడితే మూడు గెలిచిన!!!

కానీ ఇంట్ల గొడవైంది. మా డాడీ ఎనకనుంచి చూసి "కార్డులాడుతున్నవా" అన్నడు. కార్డ్ గేమే డాడీ అన్న. కార్డులంటే ఆయనకు పేకాటే. రమ్మీ అనుకొని ఫోన్ గుంజుకున్నడు. "తెలంగాణల బంద్ చేసిండ్రు గద, నీకెక్కడ దొరికింది" అని. అమ్మ వచ్చి చూసి, గీ ఎముకల బొమ్మలతోటి ఎవడన్న పేకాట ఆడుతడా అని ఇప్పించింది.

నల్లకుంట నైట్ · ఆదివారం మధ్యాహ్నం 12:30

మీ నాన్నగారి తప్పేం లేదు బాబూ. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో రమ్మీ ఆడటం ఇక్కడ 2017లోనే నిషేధించారు. ఆయన భయం అది. ఒక ఆదివారం పక్కన కూర్చోబెట్టుకుని ఒక ఆట చూపించు. నైట్‌ను ఎప్పుడు వెయ్యాలో ఆయన్నే చెప్పమను. పులిజూదం తెలిసిన తరమైతే నీకంటే ముందే పట్టుకుంటారు.

బంజారా బౌలర్ · ఆదివారం మధ్యాహ్నం 12:48

మామా, మాటలు చాలు. ఈ సాయంత్రం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర ఇరానీ హోటల్‌కి రా. స్నేహపూర్వక ఆట, మూడింటికి రెండు. లెవెళ్లు అందరికీ సమానంగా ఉండే పద్ధతిలో పెడదాం, తర్వాత లెవెల్ అని సాకు చెప్పొద్దు. నా డెక్‌లో బెలూన్ ఉంటుందని ముందే చెప్తున్నా.

మోర్టార్ మామ · ఆదివారం మధ్యాహ్నం 12:55

వస్త. చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఓడినోని లెక్కల.

పెక్కా పహిల్వాన్ · ఆదివారం రాత్రి 9:40

నేను బోయిన చూడనీకె. ఎవలన్న ఒకలు సాక్షం రాయాలె గదా, ఈ ఇద్దరిని నమ్మితే రేపటికి రెండు కథలైతయి.

పాలరాయి బల్ల, నడుమ నాలుగు చాయ్ కప్పులు, ఇద్దరు ఎదురెదురుంగ. మామ డెక్ మార్చలే. ఆర్చర్స్ పెట్టుమన్న గద అని బౌలర్ అంటే, "నవ్విన డెక్ తోనే గెలవాలె" అని బాంబర్‌నే పెట్టుకున్నడు. మొండోడు.

మొదటి ఆట బౌలర్ భాయ్ బెలూన్ ఏసిండు. మామ టూంబ్‌స్టోన్ పెట్టిండు, బ్యాట్స్ ఇడిసిండు. బౌలర్ భాయ్ జాప్. గబ్బిలాలు ఫట్. బెలూన్ గోరీని కూల్చి టవర్ మీదికి బోయింది. మామ నిజంగనే దండం పెట్టిండు, నేను కండ్లార చూసిన. టవర్ పోయింది. ఒకటి బౌలర్‌ది.

రెండో ఆట మజా వచ్చింది. మామ బ్యాట్స్‌ను చేతుల వట్టుకొని కూసున్నడు, బయటికి తీస్తలేడు. ముందుగాల గార్డ్స్‌ను బ్రిడ్జి కాడ ఇడిసిండు, ఉత్తగ. బౌలర్ భాయ్ ఎందుకో జాప్ కొట్టిండు, డాళ్లు పగలగొడ్త అని. సైలెంట్ స్పెల్ అక్కా, మీరు రాసినదే గిది. జాప్ పోయింది. గప్పుడే పక్క లేన్ల మోర్టార్ దిగింది. బౌలర్ భాయ్‌కు దిక్కు లేక మోర్టార్ మీదికి బెలూన్ ఇడిసిండు. ఇప్పుడొచ్చినయి గబ్బిలాలు. ఐదు కలిసి బెలూన్‌ను ఆకాశంలనే తిన్నయి. మోర్టార్ గుండ్లు టవర్ మీద పడుతనే ఉన్నయి. బౌలర్ భాయ్ చాయ్ చల్లగైంది.

ఒకటి ఒకటి. మూడో ఆట ఓవర్‌టైమ్ దాక బోయింది. ఇద్దరి టవర్లు సన్నగ మిగిలినయి. ఇద్దరి చేతుల ఫైర్‌బాల్ ఉంది. ముందెవడు ఏస్తే వాడే. మామకు మూడున్నర ఎలిక్సర్ ఉంది, ఫైర్‌బాల్‌కు నాలుగు కావాలె. బొటనేలు కార్డు మీద పెట్టి వత్తుతనే ఉన్నడు...

బౌలర్ ఏసిండు.

మోర్టార్ మామ · ఆదివారం రాత్రి 10:05

అంతకు ముందు అవసరం లేకున్నా ఒక నైట్‌ను ఏసిన. ఆ మూడు నా చేతుల ఉంటే నేనే ముందు కొడుతుంటి. మా హాస్టల్ పెక్కావాని బొటనేలును చూసి నవ్విన గద, నాకు తగిలింది. బిస్కెట్ల పైసలు కట్టిన.

బంజారా బౌలర్ · ఆదివారం రాత్రి 10:20

రెండో ఆటలో గార్డ్స్ మీద జాప్ ఎందుకు వేశానో నాకు ఇప్పటికీ తెలియట్లేదు. చెయ్యి దానంతటదే పోయింది. ఆ బ్రిడ్జి దగ్గర స్కెలిటన్ ఆర్మీ దిగి ఉంటే జాప్ వెయ్యడం కరెక్టే. బొమ్మలు చూడగానే ఎముకలు అనుకున్నాను, డాళ్లు తర్వాత కనపడ్డాయి. వెయ్యి ఆటలు ఆడినవాణ్ని నేను. గార్డ్స్‌తో ఆడేవాళ్లు ఎంతమంది తగిలారని లెక్క చూసుకుంటే వేళ్ల మీదే ఉన్నారు.

నా డెక్‌లోకి గార్డ్స్ తెస్తున్నా. ఒక వారం ఆడి చెప్తా.

సైలెంట్ స్పెల్ · ఆదివారం రాత్రి 10:31

అందరూ తెచ్చుకుంటే ఇంక నా గార్డ్స్ మీద ఎవరు జాప్ వేస్తారండీ. రాయకుండా ఉండాల్సింది.

ట్రోఫీ టెన్షన్ · ఆదివారం రాత్రి 10:44

మా డాడీ ఒక ఆట ఆడిండు! నైట్‌ను మూడుసార్లు కరెక్ట్ జాగల పెట్టిండు, ఓడిండు, ఇప్పుడు ఫోన్ ఇస్తలేడు. అమ్మ ఫోన్లకెంచి రాస్తున్న. బాంబర్ రిక్వెస్ట్ పెట్టిన, మన క్లాన్ల ఉన్నోళ్లు జర ఏయుండ్రి.